గుండెల్లో మంటకు ఏ పరీక్ష? ఎవరికి ఏది ముందు, ఏది వద్దు

నెలల తరబడి పుల్లటి తేన్పులు, పడుకుంటే గొంతు దాకా ఎగదన్నే మంట ఉన్నవాళ్లకు సలహాలకు కొదవ ఉండదు. మెడికల్ షాపులో పరగడుపున వేసుకోమని ఒక స్ట్రిప్ ఇస్తారు. బంధువుల్లో ఒకరు ఎండోస్కోపీ చేయించుకోమంటే, ఇంకొకరు ముందు పొట్ట స్కానింగ్ తీయించమంటారు. ల్యాబ్ ప్యాకేజీలో హెచ్.పైలోరీ అనే కడుపు బ్యాక్టీరియాకు చేసే రక్తపరీక్ష ఎలాగూ కలిపి ఉంటుంది. వీటిలో ఏది మంచిదంటే సూటిగా చెప్పలేం. ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకు జవాబిస్తుంది. అన్నవాహిక లోపల పుండ్లు పడ్డాయా? కడుపులోని యాసిడ్ నిజంగానే పైకి వస్తోందా? అన్నవాహిక కండరాలు సరిగ్గా పనిచేస్తున్నాయా? తిన్నది సమయానికి కడుపులోంచి దిగుతోందా? మీకు తెలియాల్సింది రెండోది అయితే, మొదటి ప్రశ్నకు పెట్టిన పరీక్షకు వేలు పోసి "అంతా నార్మల్" అన్న కాగితంతో ఇంటికి రావడం మామూలే. మంట మాత్రం అలాగే ఉంటుంది.

ముందు గుండె కాదని తేలాలి

మంట ఛాతీ మధ్యలో ఉన్నప్పుడు, ముఖ్యంగా షుగర్, బీపీ ఉన్నవాళ్లకు, పొగతాగేవాళ్లకు, వయసు పైబడినవాళ్లకు పైన చెప్పినవేవీ మొదటి పరీక్షలు కావు. మొదటిది ఈసీజీ. మెట్లెక్కితే వచ్చి ఆగితే తగ్గే బరువు, చెమటలు, ఎడమ చెయ్యికో దవడకో పాకే నొప్పి, ఆయాసం ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకూడదు, 108కి ఫోన్ చెయ్యాలి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో గుండెపోటు పెద్ద నొప్పి లేకుండా అజీర్తిలా, వికారంలా కూడా రావచ్చు. యాంటాసిడ్ తాగితే తగ్గింది కాబట్టి గుండె కాదనే లెక్క కూడా తప్పే.

ఆసుపత్రికి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రామాణిక నియమం. మొదటి ఈసీజీ బాగానే ఉన్నంత మాత్రాన గుండెపోటు కాదని తేలిపోయినట్టు కాదు. అనుమానం ఉంటే కాసేపటికి మళ్లీ తీస్తారు, గుండె కండరం దెబ్బతిందా అని చూసే ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా చేస్తారు. ఈ రెండూ ఎండోస్కోపీ కంటే చవక, తొందరగా అయిపోతాయి. అసలు సంగతి తేలకముందే ఎండోస్కోపీ కోసం బల్ల మీద పడుకోవడంలో అర్థం లేదు.

బిళ్ళే పరీక్ష అయినప్పుడు

గుండె కాదని తేలాక, మంట, పుల్లనీళ్లు పైకి రావడం రెండూ స్పష్టంగా ఉండి, ప్రమాద సూచనలు లేకపోతే మొదటి పరీక్షకు యంత్రం అక్కర్లేదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివాళ్లకు యాసిడ్ తగ్గించే బిళ్ళను 8 వారాలు ఇచ్చి చూడాలి. పాంటాప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్ ఈ కోవవే. తగ్గితే ఆపి చూస్తారు. తగ్గకపోయినా, ఆపగానే తిరగబెట్టినా అప్పుడు ఎండోస్కోపీ.

ప్రమాద సూచనలంటే ఇవి: ముద్ద మింగుడు పడకపోవడం లేదా మింగితే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, రక్తహీనత, ఆగని వాంతులు. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకు కూడా విరేచనం నల్లగానే అవుతుంది, డాక్టర్‌కు ఆ మాట తప్పకుండా చెప్పండి. ఇవి లేకపోయినా 60 దాటాక కొత్తగా అజీర్తి మొదలైతే బిళ్ళలతో నెట్టుకురాకూడదు.

ఈ బిళ్ళ పరీక్ష చవక, దాదాపు సురక్షితం. కానీ దాని జవాబు గట్టిది కాదు. పలు పరిశోధనలను కలిపి లెక్కేసినప్పుడు నిజంగా రిఫ్లక్స్ (కడుపులోని యాసిడ్ అన్నవాహికలోకి ఎగదన్నడం) ఉన్నవాళ్లలో సుమారు 78 శాతం మందిని ఇది పట్టుకుంది. రిఫ్లక్స్ లేనివాళ్లలో మాత్రం "లేదు" అని సరిగ్గా తేల్చింది 54 శాతం మందికే. అంటే బిళ్ళతో తగ్గిన ప్రతివాళ్లకూ రిఫ్లక్స్ ఉన్నట్టు కాదు. అల్సర్ మంట కూడా అదే బిళ్ళతో తగ్గుతుంది.

పైగా మనం ఈ పరీక్షను సరిగ్గా చెయ్యం. బిళ్ళ టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు పడాలి, ఎందుకంటే తిండి తగలగానే పనిలోకి దిగే యాసిడ్ పంపులనే అది ఆపగలదు. తిన్నాక గుర్తొచ్చి వేసుకున్న బిళ్ళకూ, మంట వచ్చిన రోజే వేసుకున్న బిళ్ళకూ ఆ బలం ఉండదు. "పాంటాప్ వాడా, పనిచెయ్యలేదు" అనేవాళ్లను ఎప్పుడు, ఎలా వేసుకున్నారని అడిగితే సగం కథ అక్కడే తేలుతుంది. ఇంకో చిక్కు: చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపేస్తే కొన్నాళ్లు యాసిడ్ ఎదురుతిరిగి ఎక్కువగా ఊరుతుంది. ఆ రోజుల మంటను చూసి జబ్బు ముదిరిందని కంగారు పడనక్కర్లేదు.

వాడుతున్న ఇతర మందుల జాబితా కూడా పరీక్ష కిందే లెక్క, దానికి పైసా ఖర్చు లేదు. మొటిమలకు ఇచ్చిన డాక్సీసైక్లిన్ క్యాప్సూల్‌ను గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే అది అన్నవాహికలోనే ఇరుక్కుని పుండు చెయ్యగలదు. ఎముకలకు వాడే అలెండ్రోనేట్, నొప్పి మాత్రలు కూడా అంతే. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ లాంటివి అన్నవాహిక అడుగున ఉండే బిగువు కండరాన్ని వదులు చేస్తాయి. మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్ ముందు పెట్టండి.

ఎండోస్కోపీ: గాయాన్ని చూస్తుంది, యాసిడ్‌ను కాదు

లోపల కెమెరా పెట్టి చూశాక ఇక తెలియనిదేముంటుంది అనుకుంటాం. కెమెరాకు కనిపించేది ఆ ఐదు పది నిమిషాల్లో అక్కడున్న గాయం మాత్రమే. రాత్రి ఒంటిగంటకు యాసిడ్ పైకి వస్తోందో లేదో దానికి తెలియదు. రిఫ్లక్స్ ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి ఎండోస్కోపీలో అన్నవాహిక మామూలుగానే ఉంటుంది. కాబట్టి నార్మల్ ఎండోస్కోపీ "మీకు పెద్ద ప్రమాదం కనిపించడం లేదు" అంటుందే గానీ "మీకు రిఫ్లక్స్ లేదు" అనదు.

అయినా ప్రమాద సూచనలు ఉన్నవాళ్లకు దీన్ని మించింది లేదు. క్యాన్సర్, అల్సర్, అన్నవాహిక సన్నబడటం, కడుపు పైభాగం ఛాతీలోకి జారే హయటస్ హెర్నియా కంటికి కనిపిస్తాయి, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపొచ్చు. ఏళ్ల తరబడి మంట ఉండి, 50 దాటిన మగవాళ్లు, పొట్ట పెరిగినవాళ్లు, పొగతాగేవాళ్లు అయితే బారెట్స్ అనే మార్పు కోసం కూడా చూస్తారు. యాసిడ్ తగిలి తగిలి అన్నవాహిక లోపలి పొర పేగు పొరలా మారడమే బారెట్స్. అది క్యాన్సర్ కాదు గానీ కొందరిలో అటు దారితీస్తుంది.

రిపోర్ట్‌లో వెతకాల్సిన మాట "ఎల్ఏ గ్రేడ్". లాస్ ఏంజలెస్ పేరుతో ఉన్న వర్గీకరణ అది. పొరలో చీలిక 5 మిల్లీమీటర్లు మించకపోతే ఎ, మించితే బి. చీలికలు మడతల మీదుగా కలిసిపోయి చుట్టుకొలతలో 75 శాతం లోపు ఉంటే సి, అంతకు చేరితే డి. ఎ గ్రేడ్ ఏ బాధా లేనివాళ్లలో కూడా కనిపిస్తుంది కాబట్టి దాన్ని రుజువుగా తీసుకోరు. రిఫ్లక్స్‌ను ఎలా తేల్చాలో నిపుణులు కలిసి ఒప్పుకున్న లియాన్ ఏకాభిప్రాయం 2023 నాటి రెండో కూర్పు ప్రకారం బి, సి, డి గ్రేడ్‌లు, బయాప్సీలో తేలిన బారెట్స్, యాసిడ్ వల్ల సన్నబడిన అన్నవాహిక, ఇవి దొరికితే రిఫ్లక్స్ రుజువైనట్టే. వీళ్లలో చాలామందికి ఇక యాసిడ్‌ను నేరుగా కొలిచే పీహెచ్ పరీక్ష అక్కర్లేదు.

మన దగ్గరి రిపోర్టుల్లో తరచూ కనిపించే మరో రెండు మాటలు "లాక్స్ ఎల్ఈఎస్", "యాంట్రల్ గ్యాస్ట్రైటిస్". మొదటిది కింది కండరం వదులుగా ఉన్నట్టు చూసినవాళ్లకు అనిపించిందని. మత్తులో, గాలి ఊదిన కడుపులో కనిపించిన వదులుతనం రిఫ్లక్స్‌కు రుజువు కాదు. రెండోది కడుపు కింది భాగం కాస్త ఎర్రబడిందని, గుండెల్లో మంటకు అది కారణం కానక్కర్లేదు. ఈ రెండు మాటలు చదివి ఏళ్లకేళ్లు బిళ్ళలు మింగుతున్నవాళ్లు మనలో ఎందరో.

ముద్ద కిందికి దిగక ఛాతీలో ఆగిపోతుందని చెప్పే కుర్రవాళ్లకు, అందులోనూ ఆస్తమా, అలర్జీ ఉన్నవాళ్లకు లోపల అంతా మామూలుగా కనిపించినా అన్నవాహిక నుంచి బయాప్సీలు తీయమని అడగాలి. వేర్వేరు ఎత్తుల్లో కనీసం ఆరు తీస్తారు. ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అనే అలర్జీ జబ్బు సూక్ష్మదర్శిని కింద తేలేదే గానీ కెమెరాకు ప్రతిసారీ చిక్కదు.

పరీక్ష మాటకొస్తే 6 నుంచి 8 గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. గొంతులో చేదు స్ప్రే కొడతారు, కాసేపు మింగడం తెలియనట్టు ఉంటుంది. కావాలంటే మత్తు ఇస్తారు. మత్తు తీసుకుంటే తోడు మనిషి ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు. ఓకిళ్లు ఎక్కువగా వచ్చేవాళ్లు మత్తుకే ఒప్పుకోవడం మేలు, పంతానికి పోయి డాక్టర్ చెయ్యి పట్టుకు లాగడం కంటే.

పీహెచ్ పరీక్ష: అసలు ప్రశ్నకు జవాబు ఇక్కడ

యాసిడ్ పైకి వస్తోందా, ఎంతసేపు ఉంటోంది, మీ బాధకూ దానికీ సంబంధం ఉందా అన్నది తేల్చేది 24 గంటల పీహెచ్ ఇంపెడెన్స్ పరీక్ష. ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, కింది కండరానికి 5 సెంటీమీటర్ల పైన సెన్సర్ ఉండేలా పెట్టి, చెంప మీద టేప్ అంటించి, నడుముకు చిన్న రికార్డర్ తగిలించి ఇంటికి పంపుతారు. రికార్డర్ మీద బటన్లు ఉంటాయి. తినడం మొదలుపెట్టినప్పుడు ఒకటి, పడుకున్నప్పుడు ఒకటి, మంట వచ్చినప్పుడు ఒకటి నొక్కాలి. ఒక కాగితం మీద టైము కూడా రాసుకోమంటారు.

ఈ ఒక్క రోజును చాలామంది పాడుచేసుకుంటారు. ముక్కులో గొట్టంతో బయటికి వెళ్లడానికి సిగ్గుపడి మంచం దిగరు, ఎందుకొచ్చిన గొడవని పెరుగన్నంతో సరిపెట్టుకుంటారు. అలాంటి రోజు మంట రాదు, రిపోర్ట్ నార్మల్ వస్తుంది. మీకు మంట తెప్పించేది మిరపకాయ బజ్జీ అయితే ఆ రోజు బజ్జీ తినాలి. ఆవకాయ, రాత్రి పదింటికి భోజనం, తినగానే పడక, ఆఫీసు టెన్షన్, రోజూ ఉన్నవన్నీ ఆ రోజూ ఉండాలి. స్నానం ఒక్కటే మానుకోవాలి, రికార్డర్ తడవకూడదు.

రిపోర్ట్‌లో మొదట చూడాల్సింది అన్నవాహికలో పీహెచ్ (యాసిడ్ కొలత, అంకె తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ) 4 కంటే తక్కువగా ఉన్న సమయం మొత్తంలో ఎంత శాతమన్నది. 4 శాతం లోపు ఉంటే మామూలు, 6 శాతం దాటితే రిఫ్లక్స్ ఖాయం, మధ్యలో ఉంటే మిగతా ఆధారాలతో కలిపి తేలుస్తారు. అలాంటప్పుడు రోజులో ఎన్నిసార్లు పైకి తన్నిందో కూడా చూస్తారు. 40 లోపు మామూలు, 80 దాటితే అనుమానం బలపడుతుంది. ఇంపెడెన్స్ కలిపి ఉంటే పుల్లగా లేని ద్రవం, గాలి పైకి రావడం కూడా తెలుస్తుంది. ఊరికే తేన్పులు వస్తూ ఉండేవాళ్లలో ఆ గాలి కడుపులోంచి వస్తోందా, తెలియకుండా పైనుంచి మింగి వదులుతున్నదా అన్నది కూడా దీంతో విడదీయొచ్చు.

యాసిడ్ మామూలుగానే ఉండి, వచ్చిన కాస్తకే ప్రతిసారీ మంట తెలిస్తే అది అతిసున్నితత్వం. యాసిడ్‌కూ మంటకూ సంబంధమే లేకపోతే ఫంక్షనల్ హార్ట్‌బర్న్ అంటారు. నిజమైన బాధే, కాకపోతే మందు వేరు. బిళ్ళ డోసు రెట్టింపు చేసినా, ఆపరేషన్ చేయించినా లాభం ఉండదు. నరాల స్పందన తగ్గించే తక్కువ డోసు మందులు వీళ్లకు పనిచేస్తాయి. ఏళ్ల తరబడి తప్పు మందు మింగకుండా ఆపుతుంది కాబట్టే ఈ పరీక్ష నా దృష్టిలో దాని ఖర్చుకు తగినది.

ముక్కులో గొట్టం వద్దనుకునేవాళ్లకు వైర్‌లెస్ క్యాప్సూల్ ఉంది. ఎండోస్కోపీ చేసేటప్పుడే అన్నవాహిక గోడకు చిన్న క్యాప్సూల్ తగిలిస్తారు, అది 48 నుంచి 96 గంటలు కొలుస్తుంది. రోజుకో రకంగా ఉండే మంటకు నాలుగు రోజుల లెక్క నయం. కొన్నాళ్లకు దానంతట అదే ఊడి విరేచనంలో పోతుంది. ఇంపెడెన్స్ చూడదు, ఖరీదు ఎక్కువ, అన్నిచోట్లా దొరకదు. పెట్టించుకున్న 30 రోజుల వరకు ఎంఆర్ఐ తీయించకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

మానోమెట్రీ

ఇది యాసిడ్ పరీక్ష కాదు, కండరాల పరీక్ష. ముక్కులోంచి సెన్సర్ల గొట్టం దించి, సిరంజితో నోట్లో 5 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు పోస్తూ పదిసార్లు మింగమంటారు. ఒక్కో గుక్కకూ మధ్య లాలాజలం కూడా మింగకూడదు. చెప్పినంత తేలిక కాదది. స్క్రీన్ మీద ఒత్తిడి రంగుల్లో పైనుంచి కిందికి పాకుతూ కనిపిస్తుంది. మత్తు ఇవ్వరు, మీరు మింగితేనే పరీక్ష.

ఎకలేజియా అన్న జబ్బును పట్టేది ఇదే. కింది కండరం తెరుచుకోక అన్నం అన్నవాహికలోనే నిలిచి, రాత్రి దిండు మీదికి అరగని మెతుకులు వచ్చేస్తాయి. చూసేవాళ్లకు అచ్చం రిఫ్లక్స్‌లాగే ఉంటుంది, యాసిడ్ బిళ్ళలు ఎన్ని వాడినా తగ్గదు. రిఫ్లక్స్ ఆపరేషన్‌లో కడుపు పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ చుట్టి బిగిస్తారు. ఎకలేజియా ఉన్నవాళ్లకు పొరపాటున అది చేస్తే ఇక మంచినీళ్లు కూడా దిగవు. అందుకే ఆపరేషన్‌కు ముందు మానోమెట్రీ తప్పనిసరి. ఉత్త మంటకు కారణం వెతకడానికి మాత్రం మొదటే ఇది చేయించనక్కర్లేదు. పీహెచ్ గొట్టం ఎక్కడ ఆపాలో కొలవడానికి కూడా ఇదే ఆధారం కాబట్టి చాలా సెంటర్లలో రెండూ ఒకే రోజు చేస్తారు.

మిగతావి, క్లుప్తంగా

పొట్ట అల్ట్రాసౌండ్‌లో రిఫ్లక్స్ కనిపించదు. కనిపించేవి పిత్తాశయంలో రాళ్లు, కొవ్వు కాలేయం. చిక్కంతా అక్కడే. మంటకు స్కానింగ్ తీయిస్తే రాళ్లు బయటపడతాయి, రాళ్లు తీయించేస్తే మంట పోతుందనుకుంటారు, పోదు. తిన్నాక కుడి పక్కటెముకల కింద గంటల తరబడి మెలిపెట్టే నొప్పి ఉంటే అప్పుడు ఈ స్కాన్ సరైనది.

బేరియం మింగి తీసే ఎక్స్‌రే రిఫ్లక్స్ నిర్ధారణకు వద్దని 2022 మార్గదర్శకాలు తేల్చేశాయి. మింగుడు పడనివాళ్లకు, పెద్ద హెర్నియా ఆకారం సర్జన్‌కు తెలియాల్సినప్పుడు ఇంకా పనికొస్తుంది. తర్వాత ఒకటి రెండు రోజులు విరేచనం తెల్లగా వస్తుంది, నీళ్లు బాగా తాగాలి.

హెచ్.పైలోరీ అల్సర్లు తెచ్చే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలో డాక్టర్ బ్యారీ మార్షల్ 1984లో దాన్ని తానే తాగి కడుపు మంట తెచ్చుకున్నాడు, 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. కానీ గుండెల్లో మంటకూ పుల్లటి తేన్పులకూ అది కారణం కాదు. పొట్ట పైభాగంలో నొప్పి, అజీర్తి ఉంటే వెతకొచ్చు, అదీ ఊపిరి పరీక్షతోనో మల పరీక్షతోనో. రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఎప్పుడో వచ్చి పోయిన ఇన్ఫెక్షన్‌కు కూడా పాజిటివ్ వస్తుంది, ప్యాకేజీలో ఉంటే దాన్ని తీసేయమనండి.

కడుపు ఎంత త్వరగా ఖాళీ అవుతోందో చూసే స్కాన్ ఎక్కువగా షుగర్ ముదిరినవాళ్లకు, తిన్నది గంటల తర్వాత వాంతి అయ్యేవాళ్లకు. కాస్త రేడియోధార్మిక పదార్థం కలిపిన గుడ్డు తినిపించి కెమెరాతో 4 గంటలు చూడటం అంతర్జాతీయ పద్ధతి. దక్షిణాదిలో గుడ్డుకు బదులు ఇడ్లీ పెట్టే పద్ధతి కూడా ఉంది.

ఎవరికి ఏది

పాతికేళ్లవాళ్లు, ఏ ప్రమాద సూచనా లేదు, మంట వారంలో రెండు మూడుసార్లు: బిళ్ళ 8 వారాలు, సరైన టైముకు. యాభై దాటి బరువు తగ్గుతున్నవాళ్లు: ఈ వారమే ఎండోస్కోపీ. బిళ్ళ సరిగ్గా వాడినా తగ్గక, ఎండోస్కోపీ నార్మల్ వచ్చినవాళ్లు: బిళ్ళ ఆపి పీహెచ్ పరీక్ష. రెండోసారి ఎండోస్కోపీ కాదు, ఈ పొరపాటు మన దగ్గర చాలా ఎక్కువ. మంట లేకుండా దగ్గు, గొంతు బొంగురు, గొంతులో ఏదో అడ్డం ఉన్నట్టుండేవాళ్లు: ముందు ఈఎన్‌టీ, ఊపిరితిత్తుల కారణాలు చూసుకుని, రిఫ్లక్స్ అనుమానం మిగిలితే బిళ్ళ కంటే ముందే పీహెచ్ పరీక్ష. గొంతు ఎర్రగా ఉందన్న ఒక్క కారణంతో రిఫ్లక్స్ అని ముద్ర వేయించుకోవద్దు. ఆపరేషన్ ఆలోచనలో ఉన్నవాళ్లు: ఎండోస్కోపీ, మానోమెట్రీ తప్పవు, ఎండోస్కోపీలో రుజువు దొరకకపోతే పీహెచ్ కూడా. గర్భిణులకు దాదాపు ఏదీ అక్కర్లేదు, లక్షణాలను బట్టే మందు ఇస్తారు.

ఎండోస్కోపీ ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ జరుగుతుంది. పీహెచ్, మానోమెట్రీ మాత్రం నగరాల్లో గ్యాస్ట్రో విభాగం గట్టిగా ఉన్న ఆసుపత్రుల్లోనే దొరుకుతాయి. బస్సెక్కే ముందు ఫోన్ చేసి రెండూ ఉన్నాయా, ఒకే రోజు చేస్తారా, రిపోర్ట్ చదివే డాక్టర్ అక్కడే ఉంటారా అని అడగండి. ఏ బిళ్ళ ఎప్పుడు ఆపాలో కూడా అప్పుడే రాసుకోండి. సాధారణంగా రిఫ్లక్స్ కోసం ఎండోస్కోపీకి యాసిడ్ బిళ్ళలు 2 నుంచి 4 వారాల ముందు ఆపమంటారు, పీహెచ్ పరీక్షకు 7 రోజులు, హెచ్.పైలోరీ ఊపిరి పరీక్షకు 2 వారాలు, దానికే యాంటీబయాటిక్స్ అయితే 4 వారాలు. ప్రమాద సూచనలు ఉన్నవాళ్లు మాత్రం బిళ్ళ ఆపడం కోసం ఎండోస్కోపీని వాయిదా వేసుకోకూడదు. మంట భరించలేకపోతే మధ్యలో యాంటాసిడ్ సిరప్ తాగొచ్చు, పీహెచ్ పరీక్ష రోజు మాత్రం అదీ వద్దు. రక్తం పలచబడే మందులు, షుగర్ ఇంజెక్షన్లు, బరువు తగ్గడానికి తీసుకునే సెమాగ్లుటైడ్ లాంటివి వాడుతుంటే ఫోన్‌లోనే చెప్పండి. సెమాగ్లుటైడ్ తిన్నదాన్ని కడుపులో ఎక్కువసేపు నిలబెడుతుంది కాబట్టి మత్తు ఇచ్చేవాళ్లకు ఆ సంగతి ముందుగా తెలియాలి.